ఎన్నేళ్ల సర్వీసు? ఎవరి లెక్కన?

ఒక ఉద్యోగంలో మనిషి గడిపిన కాలాన్ని స్పానిష్‌లో ఏ మాటతో చెప్పాలి? తెలుగులో ఈ ఇబ్బంది పెద్దగా ఎదురుకాదు. బడిపంతులైనా బ్యాంకు గుమస్తా అయినా ‘ఎన్నేళ్ల సర్వీసు?’ అని అడిగితే సరిపోతుంది. ఇంక్రిమెంటు, ప్రమోషను, పింఛను, గ్రాట్యుటీ అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇముడుతాయి. అడిగేది దేని గురించో సందర్భాన్ని బట్టి వినేవాళ్లు గ్రహిస్తారు. ఇరవై దేశాల్లో అధికార భాషగా ఉన్న స్పానిష్‌లో ఆ వెసులుబాటు లేదు. ఆంతిగ్వెదాద్, ఆన్యోస్ దె సెర్విసియో, తియెంపో దె సెర్విసియో, పెర్మనెన్సియా, తితులారిదాద్, వీదా లబొరాల్... పైకి అన్నీ ఒకే కాలాన్ని చెప్పే మాటల్లాగే కనిపిస్తాయి. ఒకే మనిషిని, ఒకే ఆఫీసులో ఆ మనిషి గడిపిన పదేళ్లను ఈ మాటలతో కొలిచి చూస్తే మాత్రం వేర్వేరు అంకెలు తేలతాయి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ వంటి చోట్ల స్పానిష్ నేర్చుకుని అనువాద వృత్తిలోకి వెళ్తున్న మన పిల్లలు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఈ మాటల ఎంపికను నిఘంటువు తేల్చలేదు. ఆ కాలాన్ని ఎవరు లెక్కపెడుతున్నారు, ఎందుకు లెక్కపెడుతున్నారు, లెక్క తేలాక ఎవరు ఎవరికి బాకీ పడతారు అని ముందు అడగాలి. దానికి జవాబు దొరికితే మాట దొరికినట్టే.

అందరికీ మొదట తట్టే ఆంతిగ్వెదాద్‌నే తీసుకుందాం. ప్రాచీనత అన్నది దీని మూలార్థం. బహువచనంలో అంటే పురాతన వస్తువులు. ఉద్యోగం విషయంలో చేరిన రోజు నుంచి గడిచిన కాలం. సైన్యంలో, న్యాయవ్యవస్థలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుసకు కూడా ఇదే మాట. మన ఆఫీసుల్లో సీనియారిటీ జాబితా చేసే పని అక్కడ ఇది చేస్తుంది. స్పెయిన్‌లో దీనికి డబ్బు కూడా తోడైంది. 1980 నాటి కార్మిక శాసనం ఆంతిగ్వెదాద్ మీద వచ్చే జీతం పెంపులకు హద్దులు పెట్టింది: ఐదేళ్లకు 10 శాతం, పదిహేనేళ్లకు 25, ఇరవయ్యేళ్లకు 40, పాతికేళ్లు దాటితే 60 శాతానికి మించకూడదు. 1994 సంస్కరణ ఈ పెంపు ఉండాలా వద్దా అన్నదాన్నే యాజమాన్యాలు, సంఘాలు కుదుర్చుకునే ఒప్పందాలకు వదిలేసింది. దాంతో ఒక పరిశ్రమలో ఏళ్లు గడిస్తే జీతం పెరుగుతుంది, పక్క పరిశ్రమలో ఏళ్లు ఊరికే గడుస్తాయి. ప్రభుత్వోద్యోగులకు మాత్రం త్రియేనియో నిలిచింది. మూడేళ్ల సర్వీసు పూర్తయినప్పుడల్లా జీతంలో కలిసే మొత్తం అది. ఎంత అన్నది ఉద్యోగి గ్రూపును బట్టి ఉంటుంది. అక్కడి గుమస్తా తన సర్వీసును ఏళ్లలో కాకుండా త్రియేనియోల్లో చెప్పుకోవడం వింత కాదు. ఆయనకు కాలం జీతం చీటీ మీద ఆ రూపంలోనే కనిపిస్తుంది.

ఉద్యోగం పోయినప్పుడు ఇచ్చే పరిహారం దగ్గరికి వచ్చేసరికి స్పెయిన్ చట్టం వేరే మాట ఎత్తుకుంటుంది. అన్యాయంగా తొలగిస్తే ఇంత అని చెప్పే చోట అది ఆంతిగ్వెదాద్ అనదు, ఆన్యో దె సెర్విసియో, అంటే సర్వీసు సంవత్సరం అంటుంది. ఏడాదికి 45 రోజుల జీతంగా ఉన్న ఆ పరిహారం 2012 ఫిబ్రవరి సంస్కరణతో 33 రోజులకు తగ్గింది. ఈ రెండు మాటల మధ్య తేడా పుస్తకాలకే పరిమితమైంది కాదు. మంచి పనివాడిని ఇంకో కంపెనీ నుంచి తెచ్చుకునేటప్పుడు అతని పాత ఏళ్లను కొత్త యాజమాన్యం ఆంతిగ్వెదాద్‌గా గుర్తిస్తూ కాగితం రాసివ్వడం ఉంది. తర్వాత అతన్ని తొలగిస్తే ఆ పాత ఏళ్లకూ పరిహారం రావాలా? జీతం కోసం గుర్తించిన ఆంతిగ్వెదాద్ వేరు, పరిహారం కోసం లెక్కించే సర్వీసు వేరు, రెండింటికీ కలిపి గుర్తిస్తున్నామని స్పష్టంగా రాసుకుంటే తప్ప రాదు అన్నది అక్కడి సుప్రీంకోర్టు వైఖరి. అదే కోర్టు, చిన్న చిన్న విరామాలతో వరసగా ఇచ్చిన తాత్కాలిక కాంట్రాక్టులను ఒకే బంధంగా చూసి, మొదటి కాంట్రాక్టు తేదీ నుంచే సర్వీసు లెక్కించాలనీ చెప్పింది. అంటే ఒక చోట మాట ఇచ్చిన ఏళ్లను లెక్క తీసేసింది, ఇంకో చోట కాగితం తెగ్గొట్టిన ఏళ్లను లెక్క కలిపింది. అట్లాంటిక్ దాటితే ఈ సరిహద్దు మళ్లీ చెరిగిపోతుంది. మెక్సికోలో ప్రీమా దె ఆంతిగ్వెదాద్ అనేది ఉద్యోగం విడిచేటప్పుడు వచ్చే డబ్బు: ఏడాదికి 12 రోజుల వేతనం, తనంతట తాను మానేసేవాళ్లకు కనీసం 15 ఏళ్లు నిండి ఉండాలి. మన 1972 గ్రాట్యుటీ చట్టంలోని ఏడాదికి 15 రోజులు, ఐదేళ్ల షరతు తెలిసినవాళ్లకు ఇది దగ్గరి చుట్టమే. చిలీలో అదే సందర్భంలో ఆన్యోస్ దె సెర్విసియో అనాలి. ఏడాదికి 30 రోజులు, గరిష్ఠంగా 330 రోజులు. పెరూలో అయితే తియెంపో దె సెర్విసియోస్ పేరుతో యాజమాన్యం మే నెలలో, నవంబరులో సొమ్ము జమ చేస్తుంది. మెక్సికో కార్మికుడికి ఆంతిగ్వెదాద్ అన్న మాటలో వినపడే డబ్బు మాడ్రిడ్‌లో వినపడకపోవచ్చు.

గడిచిన కాలం, పని చేసిన కాలం ఒకటేనా అన్న ప్రశ్న వీటన్నిటికన్నా లోతైనది. స్పెయిన్‌లో ఫీహొ దిస్కొంతీనువో అనే ఉద్యోగి ఉంటాడు. ఉద్యోగం శాశ్వతం, పని మాత్రం ఏటా కొన్ని నెలలే. వేసవి హోటళ్లు, పండ్ల ప్యాకింగ్ షెడ్లు, బడి భోజనశాలలు ఇలాంటివాళ్లతో నడుస్తాయి. ఏటా నాలుగు నెలలు పనిచేసే మనిషి పన్నెండేళ్లు అలాగే వచ్చి వెళ్తే ఆ సర్వీసు పన్నెండేళ్లా, నాలుగేళ్లా? రెండు గడియారాలు పక్కపక్కనే తిరుగుతున్నాయి, ఒకటి బంధాన్ని కొలుస్తుంది, ఇంకొకటి శ్రమను. స్పెయిన్ పన్నుల శాఖ ఏటా ఆదాయపు పన్ను రిటర్నుల కాలంలో ఇలాంటి సిబ్బందిని పెట్టుకునేది, త్రియేనియోలకు పని చేసిన నెలలనే లెక్కించేది. ఆ సిబ్బందిలో ఎక్కువమంది స్త్రీలు. 2019 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ పద్ధతి చెల్లదంది. పార్ట్ టైమ్ ఉద్యోగులను తక్కువ చేయరాదన్న నియమానికి అది విరుద్ధం, స్త్రీలపై పరోక్ష వివక్ష కూడా అని తేల్చింది. 2021 డిసెంబరు చివర వచ్చిన కార్మిక సంస్కరణ దీన్ని చట్టంలోనే రాసింది: ఈ ఉద్యోగుల ఆంతిగ్వెదాద్‌ను బంధం కొనసాగిన మొత్తం కాలాన్ని బట్టి లెక్కించాలి, వాస్తవంగా పని చేసిన కాలాన్ని బట్టి కాదు. అయితే వేరే లెక్క తప్పనిసరి అయ్యే సందర్భాలకు మినహాయింపు ఉంచింది. ఇప్పుడు అర్జెంటీనా వైపు చూడండి. 1974 నాటి అక్కడి ఉద్యోగ ఒప్పందాల చట్టం ఆంతిగ్వెదాద్ మీద ఆధారపడే హక్కులకు తియెంపో దె సెర్విసియోను ఇలా నిర్వచించింది: బంధం మొదలైనప్పటి నుంచి వాస్తవంగా పని చేసిన కాలం, దానికి వరస కాంట్రాక్టుల కాలం, మానేసి మళ్లీ అదే యజమాని దగ్గరికి వచ్చినవాళ్ల పాత కాలం కలపాలి. మాడ్రిడ్ కాదన్న కొలతే బ్యూనస్ ఎయిరెస్‌లో నిర్వచనానికి మొదలు. ఈ రెండింటినీ ఒకే మాటతో అనువదిస్తే సీజన్ కార్మికురాలి ఎనిమిదేళ్లు వాక్యంలోనే మాయమవుతాయి.

సెలవుల విషయమూ ఇలాంటిదే. స్పెయిన్‌లో ఎక్సెదెన్సియా అంటే ఉద్యోగబంధం తెగకుండా పనికి దూరంగా ఉండడం. సొంత కారణాలతో తీసుకుంటే ఆ కాలం ఆంతిగ్వెదాద్‌కు కలవదు. ప్రజాపదవికి ఎన్నికై వెళ్తే కలుస్తుంది. పసిబిడ్డను చూసుకోవడానికి మూడేళ్ల వరకూ తీసుకునే ఎక్సెదెన్సియా కూడా కలుస్తుంది. రోజూ ఆఫీసుకు వచ్చిన మనిషి, ఇంట్లో బిడ్డను పెంచిన మనిషి ఒకే ఆంతిగ్వెదాద్‌తో నిలబడగలరు. ఆ నిర్ణయం వెనక సమాజం ఏ శ్రమను గౌరవించాలనుకుందో కనిపిస్తుంది. ఆ తల్లి దరఖాస్తులో ఆంతిగ్వెదాద్ అడిగిన చోట ‘పని చేసిన కాలం’ అని తెలుగులోకి తెచ్చామంటే చట్టం ఇచ్చిన మూడేళ్లను మన కలం తీసేసుకుంటుంది.

ఈ మాటలకు ఇంత బరువు ఎలా వచ్చిందో తెలియాలంటే 19వ శతాబ్దపు స్పెయిన్ ఆఫీసుల్లోకి వెళ్లాలి. ప్రభుత్వం మారితే గుమస్తాలూ మారేవారు. పాత పార్టీ మనుషులు ఇంటికి, కొత్త పార్టీ మనుషులు కుర్చీల్లోకి. అలా ఇంటికి పోయినవాడు సెసాంతె. బెనితో పెరెస్ గాల్దోస్ 1888లో రాసిన ‘మియావ్’ నవల అలాంటి ఒక సెసాంతె కథ. ఆర్థికశాఖలో జీవితమంతా ధారపోసిన వియామీల్‌కు పింఛను అర్హత రావడానికి రెండు నెలల సర్వీసు తక్కువ. ఆ రెండు నెలల ఉద్యోగం కోసం ఆయన తిరగని గడప ఉండదు. చివరికి ప్రాణం తీసుకుంటాడు. కాలాన్ని లెక్కపెట్టే హక్కు పూర్తిగా ఎదుటివాడి చేతిలో ఉంటే మనిషి గతి ఏమిటో ఇంత సూటిగా చెప్పిన నవలలు తక్కువ. 1918లో మౌరా ప్రభుత్వం తెచ్చిన ఉద్యోగుల శాసనంతో ఇనమోవిలిదాద్ అన్న మాట చట్టంలో స్థిరపడింది. కదిలించరానితనం అని దాని అర్థం. ఇంగ్లిష్‌లో టెన్యూర్ అన్న మాటకున్న రెండు ముఖాల్లో ఉద్యోగ భద్రత అనే ముఖానికి స్పెయిన్ ప్రభుత్వాఫీసులో సరైన మాట ఇదే. గడిచిన ఏళ్లు అనే ముఖంతో దీనికి పని లేదు. నిన్న చేరిన ప్రభుత్వోద్యోగికి ఆంతిగ్వెదాద్ సున్నా, ఇనమోవిలిదాద్ మాత్రం నిండుగా ఉంటుంది. ఇక సెసాంతె నుంచి పుట్టిన సెసాంతియా దేశానికో దారి పట్టింది. కొలంబియాలో సెసాంతియాస్ అంటే ఏడాది పనికి ఒక నెల జీతం చొప్పున యాజమాన్యం ఏటా ఫిబ్రవరి 14 లోపు నిధిలో జమ చేయాల్సిన సొమ్ము. చిలీలో సెసాంతియా అంటే నిరుద్యోగం, దాని పేరిట బీమా ఉంది. బొగోటా మనిషి ఆశగా చెప్పుకునే మాట శాంతియాగోలో దిగులు మాట.

ఇక కార్పొరేట్ పత్రాల్లో ఎక్కువగా కనిపించే పెర్మనెన్సియా. సిబ్బంది సగటున ఎన్నేళ్లు నిలుస్తున్నారని చెప్పే ఇంగ్లిష్ నివేదికలను స్పానిష్‌లోకి తెచ్చేటప్పుడు ఈ మాట తరచూ వచ్చి కూర్చుంటుంది. సగటు లెక్క చెప్పే పట్టికలో అది తప్పేమీ కాదు. అక్కడ ఎవరికీ ఎవరూ బాకీ లేరు. ఒక ఉద్యోగి ఒప్పందంలోకి అదే మాట వస్తే మాత్రం ప్రమాదం. స్పెయిన్ కార్మిక శాసనంలో పాక్తో దె పెర్మనెన్సియా అని ఒకటుంది: యాజమాన్యం ఖర్చుతో ప్రత్యేక శిక్షణ పొందినవాడు గరిష్ఠంగా రెండేళ్లు అక్కడే పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందం. ముందే మానేస్తే నష్టపరిహారం కట్టాలి. ఫోన్ కనెక్షన్ తీసుకున్నా ఇన్ని నెలలు వదలకూడదన్న షరతును అక్కడ పెర్మనెన్సియా అనే అంటారు. కాబట్టి ‘మీ పెర్మనెన్సియా మూడేళ్లు’ అని రాస్తే, మూడేళ్లు పనిచేశారు అన్న మెప్పుగా కాక మూడేళ్లు కట్టుబడి ఉండాలి అన్న హెచ్చరికగా చదివే వీలుంది. గడిచిన కాలం రాబోయే కాలమైపోతుంది, ఉద్యోగికి రావాల్సింది ఉద్యోగి ఇవ్వాల్సిందైపోతుంది.

విశ్వవిద్యాలయాల సంగతి ఇంకా చిక్కు. అమెరికా ప్రొఫెసర్ టెన్యూర్‌ను తితులారిదాద్ అని రాసేవాళ్లున్నారు. స్పెయిన్‌లో తితులార్ ప్రభుత్వోద్యోగ భద్రత ఉన్న ప్రొఫెసరే, కానీ కాతెద్రాతికో కన్నా ఒక మెట్టు కింద. అర్జెంటీనాలో తితులార్ అంటే పై మెట్టు. అయితే అక్కడి పదవి జీవితాంతం ఉంటుందనుకోవడానికి లేదు. 1918లో కోర్దోబా విద్యార్థులు లేవదీసిన ఉద్యమం ఆచార్య పీఠాలు వంశపారంపర్య ఆస్తుల్లా మారడాన్ని ఎదిరించింది. పీఠానికి కాలపరిమితి ఉండాలన్న సూత్రం అక్కడి నుంచి వేళ్లూనుకుంది. బ్యూనస్ ఎయిరెస్ విశ్వవిద్యాలయంలో పోటీలో గెలిచిన రెగ్యులర్ ప్రొఫెసరు ఏడేళ్ల తర్వాత మళ్లీ పోటీకి నిలబడాలి. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలో శాశ్వతత్వానికి దెఫినితివిదాద్ అని సొంత మాటే ఉంది. ఇన్ని దేశాల్లో ఒకే అనువాదం నడవదు. అమెరికా పద్ధతి గురించే రాస్తున్నప్పుడు టెన్యూర్ అన్న మాటనే ఉంచి ఒక వాక్యంలో వివరించడం మేలని నా అభిప్రాయం. సెక్సేనియో గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మెక్సికోలో అది అధ్యక్షుడి ఆరేళ్ల పదవీకాలం. స్పెయిన్ విశ్వవిద్యాలయంలో ఆరేళ్ల పరిశోధనను పరిశీలించి ఇచ్చే గుర్తింపు, దాంతోపాటు వచ్చే జీతం పెంపు. 1989 నుంచి ఉంది. అక్కడ ఆరేళ్లు గడవడం చాలదు, ఆ ఆరేళ్లలో ఏం చేశావో చూపించాలి.

ఇంత పట్టింపు అవసరమా అని అడగొచ్చు. మామూలు జనం ఈ నామవాచకాలేవీ వాడరన్నది నిజం. ‘యేవో దియేస్ ఆన్యోస్ అకీ’ అంటారు. మాటకు మాట చూస్తే ఇక్కడ పదేళ్లు మోస్తున్నాను అని. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల పదేళ్లు నాకున్నాయి అన్నట్టు ‘తెంగో’ అంటారు. కథ, ఇంటర్వ్యూ, సంభాషణ అనువదించేవాళ్లు నామవాచకం జోలికి పోకుండా క్రియతో చెప్పడమే సరైన దారి. ఈ అభ్యంతరాన్ని అంతవరకూ ఒప్పుకుంటాను, ఎందుకంటే కబుర్లలో ఆ పదేళ్ల మీద ఎవరూ బాకీ అడగరు. అదే మనిషి పరిహారం కోసం లాయరు దగ్గర కూర్చున్న క్షణం క్రియ పక్కకు తప్పుకుంటుంది. ఏ తేదీ నుంచి, ఏ విరామాలు కలుపుకుని, దేని కోసం అన్న ప్రశ్నలు మొదలవుతాయి.

ఇంకో అభ్యంతరం గట్టిది. హక్కులు మాటలను బట్టి రావు, వాస్తవాన్ని బట్టి వస్తాయి. కాగితం మీద ఏం రాసినా కోర్టు నిజంగా జరిగిందే చూస్తుంది అంటారు. లాటిన్ అమెరికా కార్మిక న్యాయశాస్త్రంలో దీనికి వాస్తవ ప్రాధాన్య సూత్రమని పేరు. ఉరుగ్వే న్యాయవేత్త అమెరికో ప్లా రొద్రీగెస్ దాన్ని తన గ్రంథంలో శాస్త్రబద్ధంగా వివరించారు. ఆ సూత్రం గొప్పది, లక్షలమందిని కాపాడింది. కానీ అది కోర్టు దాకా వెళ్లగలిగినవాళ్లనే కాపాడుతుంది. మిగతావాళ్లందరి విషయంలో జీతం చీటీ మీద, ఆన్‌లైన్ ఫారం మీద, విడుదల పత్రం మీద అచ్చయిన మాటే చివరి మాట. ఆ కాగితాలు రాసేవాళ్లు, అనువదించేవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది అందుకే. అన్ని దేశాలకూ ఒకే ఫారం చేయాల్సి వస్తే ఒక ఉపాయం ఉంది. ‘ఆంతిగ్వెదాద్: __ ఏళ్లు’ అని అడగకుండా ‘ఫెచా దె ఇంగ్రెసో’, అంటే చేరిన తేదీ, దాని పక్కన విరామాల తేదీలు అడగాలి. తేదీలు ఏ దేశంలోనైనా తేదీలే, వాటి మీద లెక్క ఆ దేశపు చట్టం చేసుకుంటుంది. పింఛను కోసమైతే ఈ గొడవే వద్దు. స్పెయిన్‌లో సామాజిక భద్రతా ఖజానా ఇచ్చే వీదా లబొరాల్ నివేదిక చందా కట్టిన రోజులను చెబుతుంది. ఒకే కంపెనీలో గడిపిన ఏళ్లు అక్కడ ప్రశ్నే కాదు.

స్పెయిన్‌లో ఇంతెరీనోల వివాదం చూస్తే ఈ మాటల పదును ఇంకా బాగా తెలుస్తుంది. ఆసుపత్రుల్లో, బడుల్లో, నగర పాలక సంస్థల్లో పదేళ్లు, ఇరవయ్యేళ్లు తాత్కాలికంగానే పనిచేసినవాళ్లు వీళ్లు. మొదట వాళ్లకు త్రియేనియోలు కూడా దక్కేవి కావు. బాస్క్ ఆరోగ్య సేవలో పనిచేసిన ఒక ఉద్యోగిని దావా మీద 2007 సెప్టెంబరు 13న యూరోపియన్ న్యాయస్థానం, కాంట్రాక్టు తాత్కాలికమన్న ఒక్క కారణంతో ఆ పెంపు నిరాకరించరాదని తీర్పు చెప్పింది. ఆంతిగ్వెదాద్ దక్కింది, కుర్చీ దక్కలేదు. ప్రభుత్వ కొలువు ప్రతిభ, సామర్థ్యాలను బట్టే ఇవ్వాలని 1978 రాజ్యాంగం అంటుంది, కూర్చున్న కాలం వాటిలో ఏదీ కాదు. మన దగ్గర 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే గీత గీసింది: ఎంతకాలం తాత్కాలికంగా పనిచేసినా ఆ కాలమే క్రమబద్ధీకరణ హక్కు కాబోదు. మంజూరైన పోస్టుల్లో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండానే పదేళ్లు దాటినవాళ్లకు ఒక్కసారికి మాత్రం దారి విడిచింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కాంట్రాక్టు ఉద్యోగుల ప్రతి విన్నపం వెనకా ఆ తీర్పు నీడ ఉంటుంది. స్పెయిన్ 2021 డిసెంబరులో తెచ్చిన 20వ నంబరు చట్టంతో ఇంకో దారి వెతికింది. 2016 జనవరి 1కి ముందు నుంచి తాత్కాలిక సిబ్బందితో విడవకుండా నడిచిన పోస్టులను, ఒక్కసారికి, రాతపరీక్ష లేకుండా యోగ్యతల మదింపుతో భర్తీ చేయమంది. ఆ మదింపులో పాత ఏళ్లు మార్కులు తెచ్చిపెడతాయి, కానీ ఆంతిగ్వెదాద్ పేరుతో కాదు. ‘మెరితో’ (యోగ్యత) కింద, వృత్తి అనుభవంగా. ఏళ్లుగా పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు ఇది పేరు మార్చిన సీనియారిటీయేనంటారు. ఇంతెరీనోలు ఆ ఏళ్లలో చూసిన రోగులు, చదువు చెప్పిన పిల్లలు తమ యోగ్యత కాక మరేమిటంటారు. నా మొగ్గు ఇంతెరీనోల వైపే, ఎందుకంటే పరీక్షలు సమయానికి పెట్టకపోవడం వాళ్ల తప్పు కాదు. అయితే ఆ మొగ్గు న్యాయస్థానంలో నిలవాలంటే ఆ ఏళ్లు అనుభవం పేరుతోనే నిలవాలి. ఆ దరఖాస్తులో అనుభవం ఉండాల్సిన గడిలో అనువాదకుడు ఆంతిగ్వెదాద్ అని రాస్తే, కేవలం కూర్చున్న కాలానికి మార్కులు అడుగుతున్నారన్న వాదనను ఎదుటి పక్షం చేతికి తానే అందించినట్టవుతుంది.